అతుకు లేని గోడ

ఆఫీసులో ఆమెకు వెనకాల పెట్టిన పేరు శుభ్రమ్మ. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు, పడ్డా పట్టించుకోలేదు. తుడుచుకుని కూర్చునేవాళ్ళని చూసి నవ్వేది తుడవని కుర్చీల్లో కూర్చునేవాళ్ళే కదా అని ఆమె లెక్క. లిఫ్టు మీటని మోచేత్తో నొక్కేది. ఎదుటివాళ్ళు తింటూ మాట్లాడితే వాళ్ళ నోటివంక చూడలేక గోడవంక చూసేది. కుదిరిందనుకున్న సంబంధాన్ని, ఆ పెద్దమనిషి కాఫీ జుర్రుతూ తాగాడని తిప్పికొట్టిందని అందరూ చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. జుర్రుతూ తాగితే ఎలాగో ఓర్చుకునేదే. అతను చెవిలో తిప్పుకున్న వేలినే తీసుకెళ్ళి బిస్కట్ల పళ్ళెంలో పెట్టాడు.

ఇంత చీదర ఉన్న మనిషి చేసే ఉద్యోగమేమో, నలుగురు మనుషుల్ని ఏళ్ళ తరబడి ఒక డబ్బాలో కూర్చోబెట్టి మూత బిగించడం. భూమిని వదిలి దూరం వెళ్ళేవాళ్ళకి లోపల ఇల్లు గీసిపెట్టాలి. పడక ఎక్కడ, పళ్ళెం ఎక్కడ, కాలకృత్యాలు ఎక్కడ, ఒకరి మొహం ఒకరు చూడలేనప్పుడు దాక్కోవడానికి మూల ఎక్కడ, అన్నీ ఆమె చెప్పాలి. బయటివాళ్ళకి ఆ పని పేరు చెబితే నక్షత్రాలు గుర్తొస్తాయి. ఆమెకి మాత్రం రాలిపోయే చర్మం, వెంట్రుకలు, గోళ్ళ ముక్కలు, చెమట, నోట్లోంచి వచ్చే ఆవిరి గుర్తొచ్చేవి. కిటికీ తెరవడానికి వీల్లేని ఇంట్లో ఇవన్నీ ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకి పాత నమూనా ఒకటి చూపించారు. నేల మీదే కట్టి, లోపల మనుషుల్ని ఉంచి పరీక్షించిన ఇల్లు అది. గోడలన్నీ పలకలు, పలకల నిండా మరలు, పలకకీ పలకకీ మధ్య వేలు దూరేంత సందు. ఒక సందులోకి ఆమె టార్చి వేసి చూసింది. జుట్టు ఉండలు, ఎండిన మెతుకులు, ఎవరివో కాలి గోళ్ళు, వాటన్నిటినీ కలిపి పట్టుకున్న జిడ్డు. ఆ పూట ఆమె అన్నం తినలేదు. ఆ తర్వాత గీసిన ప్రతి గీతలోనూ ఆ సందు మీద కక్ష ఉంది.

అలా పుట్టిందే గూడు. అసలు పేరు పొడుగ్గా ఏదో ఉంది, ఆఫీసులో అందరూ గూడనే అనేవారు. లోపల గోడకి అతుకు లేదు, మర లేదు, సందు లేదు. నేల నుంచి పైకప్పు దాకా ఒకటే తెల్లని తొడుగు, మూలలు కూడా గుండ్రంగా తిరిగిపోతాయి. గుడ్డ పెట్టి ఒక్క చుట్టు తుడిస్తే ఇల్లంతా అయిపోతుంది. లోహపు పెంకుకీ ఈ తొడుగుకీ మధ్య చలి ఆపడానికి నురుగు పలకలు. వాసన చూసే గదిలో అయిదుగురు కూర్చుని తొడుగుని విడిగా, నురుగుని విడిగా, జిగురుని విడిగా ముక్కు దగ్గర పెట్టుకుని, ఫరవాలేదన్నారు. లోపలికి వెళ్ళే ప్రతి వస్తువునీ అలా చూడాలన్నది ఆ సంస్థ నియమం. మనుషుల్నీ గోడనీ కలిపి చూడాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

ఒక్క మనిషి మాత్రం అడిగింది. శుభ్రమ్మ చెల్లెలే. అదే సంస్థలో నీళ్ళ యంత్రాల ఇంజనీరు. నలుగురి మూత్రాన్ని మళ్ళీ మంచినీళ్ళు చేసి, మొదటి గ్లాసు తనే తాగి చూపించే రకం. అక్కకి ఎంత రోతో చెల్లెలికి అంత మొండితనం. ఇంట్లో పిడుగు అని పిలిచేవారు. కూరగాయలు తరుగుతూ, "వెనకాల ఏదైనా కారితే గోడ ఎలా తెరుస్తామే?" అంది. అక్కకి ఒళ్ళు మండింది. ఏదీ కారకుండా చూసుకోవడం నీ పని, కారనప్పుడు తెరవాల్సిన పనేముందని దులిపేసింది. చెల్లెలు నవ్వి ఊరుకుంది. ఊరుకోవడం ఆమె చేసిన తప్పో, దులిపేయడం ఈమె చేసిన తప్పో, ఆ మాట మాత్రం అక్కడితో పోయింది.

నేల మీదే కట్టిన గూడులో, పరీక్ష కోసం తొమ్మిది నెలలు ఉండాల్సిన నలుగురిలో చెల్లెలు కూడా ఉంది. పరీక్ష సజావుగా పూర్తిచేసినవాళ్ళే అసలు ప్రయాణానికి వెళతారు. పోయి రావడానికి మూడేళ్ళు. వచ్చే జట్టుని ఎంచేనాటికి చెల్లెలికి వయసు దాటిపోతుంది కాబట్టి, వెళితే ఇప్పుడే వెళ్ళాలి, లేకపోతే ఇక లేదు. పదేళ్ళుగా ఆమె పెళ్ళినీ పండుగనీ పక్కన పెట్టి దీని కోసమే పరుగెత్తింది. అద్దె గది ఖాళీచేసి, రెండు పెట్టెలు అక్క మంచం కింద తోసి, సినిమాకి వెళుతున్నంత తేలిగ్గా గూడులోకి వెళ్ళిపోయింది.

తొమ్మిది నెలలూ పొద్దున్నే బయటి నుంచి మాట్లాడేవారు. నిద్ర పట్టిందా, ఆకలి ఉందా, ఏమైనా వాసన వస్తోందా అని అడిగేవారు. నలుగురూ ఏమీ లేదనేవారు. గాలిని కొలిచే యంత్రాలు కూడా వాటికి నేర్పిన విషవాయువులన్నిటినీ వెతికి, ఏమీ లేదనేవి. డైరెక్టరు ఆ మాటలన్నీ పట్టుకుని ఊరంతా తిరిగి, అతుకు లేని ఇల్లని చెప్పుకుని మురిసిపోయాడు.

తలుపు తీసే రోజున కెమెరాలు వచ్చాయి, పూలగుత్తులు వచ్చాయి. డైరెక్టరు అత్తరు దట్టించుకుని వచ్చాడు. ఆయన పళ్ళు కుట్టుకునే పుల్ల నోట్లో ఉంచుకునే మాట్లాడతాడు, అది పెదవి మూల నుంచి మూలకి ప్రయాణం చేస్తూ ఉంటుంది. శుభ్రమ్మ ఆయనకి రెండు కుర్చీల దూరంలో నిలబడింది. తలుపు చక్రం తిప్పారు. గాలి బుస్సున బయటికి వచ్చింది.

ముందు వరుసలో ఉన్న ఫొటోల అమ్మాయి నోరు నొక్కుకుని పక్కకి పరుగెత్తింది. తడి గుడ్డల మూటని వానాకాలమంతా మూల పడేసి, దాని మీద రోజూ పాచినోటితో ఊదితే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ కంపు. కంపు అనడం కూడా మర్యాదే. అది ముక్కులోంచి గొంతులోకి దిగి నాలుక వెనక కూర్చుంది. శుభ్రమ్మ పళ్ళ బిగువున గుటక మింగి నిలబడింది. ఆ కంపులోంచి నలుగురూ నవ్వుతూ చేతులూపుతూ నడిచి వచ్చారు. చెల్లెలి మొహం పాలిపోయింది, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. వచ్చీరాగానే అక్క మెడ పట్టుకుని వేలాడింది. ఆమె జుట్టులో, మెడ మడతల్లో, ఊపిరిలో అదే ఉంది. అక్క ఊపిరి బిగబట్టి వీపు నిమిరింది. నిమురుతున్నంతసేపూ వీపు లోపల దగ్గు కదలడం చేతికి తెలుస్తూనే ఉంది.

డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. తొమ్మిది నెలలు ఒకేచోట ఉన్న మనుషులు గులాబీల్లా ఉంటారా ఏమిటి అని కెమెరాల ముందు జోకు వేశాడు. యంత్రాలు బాగుందన్నాయి, లోపలివాళ్ళు బాగుందన్నారు, ఇక బయటివాళ్ళ ముక్కులతో పనేమిటన్నాడు. కుర్రాళ్ళని పిలిచి లోపలంతా సువాసన కొట్టమన్నాడు. కుళ్ళు మీద మల్లెల నీళ్ళు చల్లమన్న ఆ మనిషిని చూస్తే శుభ్రమ్మకి గూడు కన్నా ఆయనంటేనే ఎక్కువ రోత పుట్టింది.

సువాసన కొట్టకముందే ఆమె లోపలికి వెళ్ళింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని కాదు, కట్టుకుంటే ఎక్కడ నుంచి వస్తోందో తెలియదు. గోడలు అద్దాల్లా ఉన్నాయి. ఎక్కడా ఒక వెంట్రుక లేదు, ఒక మెతుకు లేదు. చెల్లెలు తుడిచి ఉంటుంది. ఇంత శుభ్రమైన చోటు ఇంత కంపు కొట్టడం ఆమె జీవితంలో చూడలేదు. పడక గదుల వైపు పోయేకొద్దీ ఎక్కువైంది. చెల్లెలి పడక దగ్గర, దిండు పెట్టుకునే చోట, ఆమె గోడకి ముక్కు ఆనించింది. కంపు అక్కడి నుంచే. చేత్తో నొక్కి చూస్తే గోడ లోపలికి పోయింది, మగ్గిన పండు తొక్కలా. ఆమె ఆ పడక మీదే కూలబడింది.

మర్నాడు చెల్లెల్ని కలిసింది. బయటికి వచ్చినవాళ్ళని కొన్నాళ్ళు వైద్యపరీక్షల కోసం విడిగా ఉంచుతారు. రెండు కుర్చీలు, ఒక బల్ల ఉన్న గదిలో కూర్చున్నారు. గోడ సంగతి అక్క చెబుతుంటే చెల్లెలు ఆశ్చర్యపోలేదు. అదే అక్కకి ముందు నచ్చలేదు.

"రెండో నెలలోనే తెలుసక్కా," అంది చెల్లెలు. "నా తల పక్కన గోడ తడిగా ఉండేది. తుడుచుకుని పడుకునేదాన్ని."

"రోజూ అడిగారు కదే."

"రోజూ అబద్ధం చెప్పాం. నలుగురం కూర్చుని అనుకున్నాం, ఎవ్వరూ నోరు విప్పకూడదని. ఒక్కరు అన్నా తలుపు తీసేస్తారు. తీస్తే మళ్ళీ మొదట్నుంచి. అప్పటికి నేనెక్కడుంటాను?"

వాసన కొన్నాళ్ళకి తెలియడం మానేసిందని, అన్నానికి మాత్రం ఆ రుచి అంటుకుని ఉండేదని చెల్లెలు మామూలుగా చెప్పుకుపోయింది. అక్కకి వినడమే కష్టంగా ఉంది. తన చెల్లెలు తొమ్మిది నెలలు ఆ అన్నం తింది. ఆ గోడ పక్కన నోరు తెరుచుకుని నిద్రపోయింది. అక్క దగ్గు గురించి అడిగింది. లోపల గాలి పొడిగా ఉంటుందిలే, దానివల్లేనంది చెల్లెలు.

"గోడ తడిగా ఉందని ఇప్పుడే అన్నావు."

చెల్లెలు, డాక్టరు ముందు దగ్గు రాకుండా ఆపుకున్నానని, బయటి గాలి నాలుగు రోజులు పీలిస్తే అదే పోతుందని ఒప్పుకుంది. ఆపుకోవడం కూడా ఒక విద్యేనని నవ్వింది. ఆ నవ్వు చూస్తే అక్కకి చెంప పగలగొట్టాలనిపించింది, అంతలోనే కాళ్ళు పట్టుకోవాలనిపించింది. ఏదీ చేయలేదు. గోడ సంగతి పైన చెప్పి తీరతానని మాత్రం అంది.

"చెప్పు. గోడ నీది, నీ ఇష్టం. గోడ మార్చుకుంటారు, మేం వెళతాం. మా సంగతి మాత్రం ఎత్తకు." చెల్లెలు బల్ల మీదుగా చెయ్యి చాపి అక్క చెయ్యి పట్టుకుంది. "ఇది తప్ప నాకింకేం లేదక్కా."

అక్క మాట ఇవ్వకుండానే లేచింది. బయటికి వచ్చి చేతులు కడుక్కుంది. చెల్లెలు పట్టుకున్న చెయ్యి కడుక్కుంటున్నానని సగంలో తెలిసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండ్రోజుల తర్వాత గూడు ముందే సమావేశం పెట్టారు. డైరెక్టరు, డాక్టరమ్మ, లోపల ఉండి వచ్చిన నలుగురు, రంపంతో ఫిట్టరు. గోడ కోయాలని శుభ్రమ్మే పట్టుబట్టింది. తను గీసిన ఇంటిని తనే కోయించమంటున్న మనిషిని చూసి డైరెక్టరు ముక్కున వేలేసుకున్నాడు. ఒక మూల చిన్న ముక్క కోసి చూసి ఊరుకుందామన్నాడు. ఆమె ఫిట్టరుని చెల్లెలి పడక దగ్గరికి తీసుకెళ్ళి, అందరూ చూస్తుండగా దిండు ఎత్తున గీత గీసి చూపించింది.

రంపం దిగగానే పసుపుపచ్చ నీళ్ళు కారాయి. ముక్క ఊడి కింద పడింది. నురుగు పలక రొట్టె నానినట్టు నానిపోయి, దాని మీద నల్లటి బూజు వేలెడు మందాన నూగుతో పెరిగింది. నూగు మీద జిగట, జిగట మీద చెమట బొట్లలాంటివి. దీపాలు బిగించడానికి తొడుగుకి పెట్టిన కన్నాల చుట్టూ మిగిలిన వెంట్రుకవాసి ఖాళీల్లోంచి నలుగురి ఊపిరీ తొమ్మిది నెలలు ఆ వెనక్కి దూరింది, చల్లటి పెంకుకి తగిలి నీరైంది, ఆరడానికి దారిలేక అక్కడే కుళ్ళింది. సందు ఉండి ఉంటే ఏ మొదటి వారంలోనో పలక తీసి తుడిచేవాళ్ళు. మురికి కనబడకూడదని కట్టిన గోడ మురికిని భద్రంగా పెంచి పోషించింది. ఫిట్టరు బయటికి పరుగెత్తి కక్కుకున్నాడు. డైరెక్టరు నోట్లో పుల్ల కింద పడింది.

ఆయన తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. అలాంటివాళ్ళకి పట్టదు. అందరూ బయటి కుర్చీల్లోకి తిరిగొచ్చాక, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తప్పు గోడదని తేలిపోయిందన్నాడు. గోడని పలకలతో మళ్ళీ కట్టిద్దాం, మనుషులకేం, వాళ్ళు వజ్రాలు, అదే జట్టు వెళుతుంది, ప్రయాణం తేదీ మారదన్నాడు. అంతా చెల్లెలు అన్నట్టే జరుగుతోంది. గీసినామె పేరు గంగలో కలుస్తుంది, మిగతావాళ్ళందరూ క్షేమం. శుభ్రమ్మ దానికి సిద్ధపడే వచ్చింది. నిజం చెప్పాలంటే, ఇంతటితో పోతోంది కదా అని ఆమెకి ప్రాణం కాస్త కుదుటపడింది కూడా.

మాటవరసకి అన్నట్టు డైరెక్టరు నలుగురి వైపు తిరిగాడు. మీకెవరికీ వాసన తెలియలేదు కదా అన్నాడు. అది అడగడం కాదు, జవాబు చేతికివ్వడం. ఒకరి తర్వాత ఒకరు తెలియలేదన్నారు. చెల్లెలి వంతు వచ్చింది.

"తెలియలేదు సార్," అంది.

అని నోరు మూసుకుంది. మూసుకున్నాక ఆమె మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఛాతీ ఒకసారి ఎగిసి అక్కడే ఆగింది. మిగతావాళ్ళందరూ డైరెక్టరు మొహం చూస్తున్నారు, అక్క ఒక్కతే చెల్లెలి మొహం చూస్తోంది. ఎంత అలవాటుగా ఆపుకుందో. రేపు మందు దొరకనంత దూరంలో కూడా ఇలాగే ఆపుకుంటుంది. పక్కనున్న ముగ్గురూ చూసీ చూడనట్టు ఊరుకుంటారు, నెత్తురు పడినా తుడుచుకుని పడుకుంటుంది.

"ఆమెకి తెలుసు," అంది శుభ్రమ్మ. "రెండో నెల నుంచీ నలుగురికీ తెలుసు. చెప్పొద్దని ఒప్పందం చేసుకున్నారు. డాక్టరు దగ్గర దగ్గు కూడా దాచింది."

డైరెక్టరు, ఆలోచించుకుని మాట్లాడండమ్మా అన్నాడు. ఆలోచించే మాట్లాడుతున్నానని, కంపు దాచినవాళ్ళు రేపు మంట అంటుకున్నా దాస్తారని, గోడ ఒక్కటే కుళ్ళలేదని ఆమె అంది. డాక్టరమ్మ అప్పటికే లేచి నిలబడింది. లోపల ఒంట్లో బాగాలేనిది దాచినవాళ్ళెవరూ ప్రయాణానికి పనికిరారని, ఈ మాట తను విన్నాక విననట్టు ఉండటం కుదరదని తేల్చి చెప్పింది. ఛాతీ పరీక్షలకి ఏర్పాటు చేస్తాను, నలుగురూ రావాలని చెప్పి తన గదికి వెళ్ళిపోయింది. ముగ్గురు తలలు వంచుకున్నారు. చెల్లెలు వంచుకోలేదు. లేచి నడవాలోకి వెళ్ళిపోయింది.

అక్క వెనకే పరుగెత్తింది. నడవా మధ్యలో చెల్లెలికి దగ్గు తెర వచ్చింది. ఇక ఆపుకోవాల్సిన పని లేదు కాబట్టి అది ఆగలేదు. గోడకి చెయ్యి ఆనించి, నడుము వంచి, లోపలినుంచి పేగులు వచ్చేలా దగ్గింది. అక్కకి సంచీలో గుడ్డ వెతికే తీరిక కూడా లేకపోయింది. రెండు చేతులూ దోసిలి చేసి చెల్లెలి నోటి కింద పట్టింది.

చెల్లెలు ఉమ్మేసింది. వెచ్చగా, బరువుగా, తీగలా సాగుతూ దోసిట్లో పడింది. అందులో నల్లటి నలుసులున్నాయి. ఆ గోడ వాసనే వేసింది.

"అక్కడ దగ్గితే వినడానికి నేనుండనే," అంది అక్క. ఏడుపు వచ్చేసింది. చేతులు ఖాళీగా లేవు కాబట్టి తుడుచుకోలేకపోయింది.

చెల్లెలు మూతి తుడుచుకుని దోసిలి వంక చూసింది, తర్వాత అక్క మొహం వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. మురికి సందులోకి టార్చి వేసి చూసినట్టు చూసింది.

"ఇంకెప్పుడూ నన్ను ముట్టుకోకు," అని, అక్కని ఆనకుండా గోడవారగా జరిగి వెళ్ళిపోయింది.

అక్క పిలవలేదు. పిలిస్తే వెనక్కి తిరగదని తెలుసు, మూడేళ్ళు కాదు, ఇక ఎప్పటికీ తన వైపు తిరగకపోవచ్చని కూడా తెలుసు. డాక్టరమ్మ గది నడవా చివర ఉంది. ఆ నల్ల నలుసులు ఆమె చూడాలి, ఇవాళే చూడాలి. ఎదురుగా వస్తున్న గుమస్తాలు ఆమె దోసిట్లోకి చూసి ఛీ అని మొహం తిప్పుకుని పక్కకి తప్పుకున్నారు. శుభ్రమ్మ వేళ్ళు ఇంకాస్త దగ్గరికి బిగించుకుని, ఒక్క చుక్క జారిపోకుండా నెమ్మదిగా నడిచింది.